తెలుగు వికీలు: గుణదోష విచారణ

గ్రంథాలయోద్యమమునకు కృష్ణా మండలము పుట్టినిల్లు వంటిది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలోని రామమోహన గ్రంథాలయములో ఆంధ్రదేశపు గ్రంథాలయ కార్యకర్తలు సభ జరిపి ఒక సంఘముగా ఏర్పడినారు. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ప్రయత్నమునకు ప్రాణము పోసినారు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరు ప్రాంతముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపి, పడవ ప్రయాణికులకును ఒడ్డునగల గ్రామములవారికిని పుస్తకములు అందించినారు. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేనిచో పుస్తకమే పాఠకుని వద్దకు పోవలెనని వారి ఆశయము.

ఈనాడు ఆ పడవ చేసిన పనిని అంతర్జాలము చేయుచున్నది. కాని రెండింటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. పడవలో వచ్చిన పుస్తకమును గ్రామస్థుడు చదువగలడు. దానిలోని తప్పును దిద్దలేడు. అంతర్జాలములో వచ్చిన కొన్ని నూతన సాధనములలో పాఠకుడే రచయిత, పాఠకుడే పరిష్కర్త కావచ్చును. పదిమంది పదిచోట్ల కూర్చుండి ఒకే పుటను వ్రాయవచ్చును. ఇట్టి సాధనములలో మన భాషకు మిక్కిలి దగ్గరైనవి తెలుగు వికీపీడియా, తెలుగు వికీసోర్స్. గ్రంథాలయాధికారులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రతిదినము వీనిని తెరచి చూచుచున్నారు. కొందరు వీనిని వేదవాక్యముగా గ్రహింతురు. కొందరు ఎవరుబడితే వారు వ్రాసినదని త్రోసివేయుదురు. ఈ రెండును తొందరపాటులే. వీనిలో మేలెంత, లోపమెంత, లోపమునకు కారణమేమి అని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వికీ అనగా నేమి?

హవాయి భాషలో “వికీ” అనగా త్వరగా అని అర్థము. 1995లో అమెరికా దేశస్థుడైన వార్డ్ కన్నింగ్‌హామ్ అను కంప్యూటరు నిపుణుడు, చదువువారెవరైనను అక్కడికక్కడే మార్చగల వెబ్ పుటలను రూపొందించి ఆ పేరు పెట్టినాడు. ఆ పద్ధతిపై 2001 జనవరిలో ఆంగ్ల వికీపీడియా మొదలైనది. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. 2014 ఫిబ్రవరి 15, 16 తేదీలలో దాని దశవార్షికోత్సవము విజయవాడలోని కె.బి.ఎన్. కళాశాలలో జరిగినది. ఇప్పుడు దానిలోని వ్యాసములు లక్షకు పైబడినవి.

ప్రతి వికీ పుటకు మూడు అంగములు కలవు. మొదటిది, మనము చదువు వ్యాసము. రెండవది, ఆ పుట చరిత్ర. ఏ మార్పును ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు చేసినదియు అందులో నమోదగును. వెనుకటి ప్రతి రూపమును తెరచి చూడవచ్చును. పాడైన వ్యాసమును పాత రూపమునకు క్షణములో మరలింపవచ్చును. మూడవది, చర్చా పుట. వ్యాసములోని విషయముపై భేదాభిప్రాయములున్నచో అక్కడ వాదించి తేల్చుకొందురు. వికీ మొత్తమునకు సంబంధించిన సంగతులు మాటలాడుకొను పుటకు తెలుగు వికీపీడియావారు “రచ్చబండ” అని పేరు పెట్టినారు. ఊరి నడుమ చెట్టుక్రింద నలుగురు కూర్చుండు చోటికి అంతకంటె తగిన పేరు లేదు.

ఇదంతయు సాధ్యమగుటకు వెనుక మరియొక శాస్త్రీయమైన ఏర్పాటు ఉన్నది. ఒకప్పుడు ప్రతి వార్తాపత్రికకు, ప్రతి ముద్రణాలయమునకు వేర్వేరు తెలుగు ఫాంటులుండెడివి. ఒకదానిలో కూర్చిన వ్రాత మరియొకదానిలో చదువుటకు వీలుగాక పిచ్చి గుర్తులుగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము తెలుగు లిపిలోని ప్రతి గుర్తునకు ఒక స్థిర సంఖ్యను కేటాయించినది. “అ” అను అక్షరము సంఖ్య 3077. “క” సంఖ్య 3093. అమెరికాలో టైపు చేసినను అవనిగడ్డలో టైపు చేసినను సంఖ్య ఒక్కటే. అందువలననే ఒకరు వ్రాసిన వాక్యమును మరియొకరు దిద్దగలుగుచున్నారు. భాషకు ఒకే అంకెల పునాది ఏర్పడనిచో సహకార రచన అను మాటయే లేదు.

ఏకాకి కృషి, సమష్టి కృషి

తెలుగున విజ్ఞాన సర్వస్వమును నిర్మింపవలెనని తొలుత పెద్ద యత్నము చేసినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. వారి జన్మస్థలము పెనుగంచిప్రోలు. వారు సంపాదకులుగా వెలువడిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ సంపుటములు మూడు. అకారముతో మొదలగు విషయములతోనే ఆ మూడు సంపుటములు నిండినవి. 1923లో వారు కాలధర్మము నొందుటతో ఆ పని ఆగినది. అటుపిమ్మట కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ భారమును తలకెత్తుకొనినారు. ఎంతటి ధీమంతులైనను, ఒకరిద్దరి ఆయువుపైనను ధనముపైనను ఆధారపడిన కార్యమునకు ఇట్టి ఆటంకములు తప్పవు.

వికీ పద్ధతి ఈ చిక్కును చాలవరకు తొలగించినది. ఒకరు మానినచోట మరియొకరు అందుకొందురు. అచ్చైన సంపుటములో తప్పు దొరలినచో మరుముద్రణ వరకు వేచియుండవలెను; వికీలో ఆ నిముషముననే దిద్దవచ్చును. ఇది గొప్ప గుణము. కాని లక్ష్మణరావుగారి పద్ధతిలో ఒక మేలుండెను. ప్రతి వ్యాసమును ఒక సంపాదకుడు చదివి ఒప్పుకొనిన పిమ్మటనే అచ్చునకు పోయెడిది. వికీలో వ్యాసము ముందు వెలువడును. పరిశీలన తరువాత వచ్చును. తరువాత వచ్చునని అనుకొనుటయే గాని, పరిశీలించువాడు లేనిచో అది రాకపోవచ్చును. వికీ గుణదోషములు రెండును ఈ ఒక్క విషయమును ఆశ్రయించియున్నవి.

సంఖ్య వేరు, సారము వేరు

మన గ్రామముల వ్యాసములను చూడుడు. తెలుగు వికీపీడియాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామములకు వేలకొలది పుటలు కలవు. వీనిలో పెక్కింటిని మొదట మనుష్యులు ఒక్కొక్కటిగా వ్రాయలేదు. జనాభా లెక్కల పట్టికలనుండి సమాచారమును గ్రహించి తనంతట తాను పుటలను సృష్టించు ప్రోగ్రాముతో నిర్మించినారు. దీనిని వికీ వాడుకలో “బాటు” అందురు. పిమ్మట 2011 జనాభా లెక్కలలోని గ్రామ సౌకర్యముల వివరములు కూడ ఇట్లే వాక్యములుగా మార్చబడి చేరినవి.

ఈ పని వ్యర్థమని నేననను. తన ఊరి పేరు టైపు చేసిన బాలునికి ఒక పుట కనబడుట సామాన్యమైన ఆనందము కాదు. ఏమియు లేనిచోట వ్రాయుటకు జంకువాడు, నాలుగు వాక్యములున్నచోట అయిదవది చేర్చుటకు సాహసించును. బాటు విత్తు చల్లినది, అంతవరకు మంచిదే.

కాని చల్లిన పొలమునకు నీరు పెట్టువారు, కలుపు తీయువారు కావలెను గదా! పెక్కు గ్రామ వ్యాసములలో సమీపమున కళాశాల ఎచట నున్నది, తపాలా కార్యాలయమున్నదా, సాగుభూమి ఎన్ని హెక్టార్లు అను సంగతులు వర్తమాన కాలములో చెప్పబడియున్నవి. అవి 2011 నాటి సంగతులు. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడినవి. కనుక 2011 అంకెలను వాడుట తప్పుకాదు. 2011 అంకెలని చెప్పక “ఉన్నది” అని వ్రాయుట తప్పు. ప్రతి అంకెకును దాని సంవత్సరము జతగా నుండవలెనని భౌతికశాస్త్ర విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. యూనిటు లేని కొలత ఎట్టిదో, సంవత్సరము లేని జనసంఖ్య అట్టిదే.

జిల్లాల సంగతి ఇంకను స్పష్టమైన ఉదాహరణము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 జిల్లాలుగా పునర్విభజింపబడినవి. పడవ గ్రంథాలయపు కొల్లూరు గుంటూరు జిల్లానుండి బాపట్ల జిల్లాకు పోయినది. లక్ష్మణరావుగారి పెనుగంచిప్రోలు కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు మారినది. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో వేలకొలది వ్యాసములు పాతబడినవి. ఇట్టి సందర్భములకై 2012లో “వికీడేటా” అను సోదర సాధనము ఏర్పడినది. గ్రామమునకు సంబంధించిన జిల్లా, అక్షాంశ రేఖాంశములు, జనసంఖ్య మొదలైనవి అక్కడ ఒక్కసారి నమోదైనచో, దానినుండి సమాచారము గ్రహించు పట్టికలన్నియు అన్ని భాషలలోను మారును. ఇది ప్రశంసింపదగిన ఉపాయము. అయినను వ్యాసము నడుమ వాక్యములలో “గుంటూరు జిల్లాకు చెందిన” అని ఎవరో వ్రాసియుంచినచో దానిని వికీడేటా మార్చజాలదు. మనుష్యుడు చదివి, చేతితో దిద్దవలసినదే.

ఒకే వ్యాసములో రెండు నిజములు ఒకదానితో నొకటి పోరాడునట్లు కనబడు సందర్భములును కలవు. విజయవాడవద్ద కృష్ణపై కట్టడము 1855లో పూర్తియైనదని ఒకచోట చదివిన విద్యార్థి, 1957లో పూర్తియైనదని మరియొకచోట చదివి, ఏదో ఒకటి తప్పనుకొనును. రెండును నిజమే. మొదటిది ఆర్థర్ కాటన్ కాలమున కట్టిన ఆనకట్ట. 1952లో దానికి గండిపడినది. రెండవది దాని తరువాత కట్టిన ప్రకాశం బ్యారేజి. తెలిసిన ఉపాధ్యాయుడొకడు చర్చా పుటలో నాలుగు వాక్యములు వ్రాసి ఆధారము చూపినచో తరువాతి పాఠకులందరికి ఆ గందరగోళము తప్పును. సాధనము సిద్ధముగా నున్నది. చెప్పవలసిన వాడు మాటలాడకున్నాడు.

పేరు తప్పిన పుస్తకము

వికీలో వ్రాసిన ప్రతి విషయమునకు ప్రచురిత ఆధారము చూపవలెనని నియమము కలదు. ఇది శాస్త్రమునకు తగిన నియమమే. కాని తెలుగున ఆధారములెచట దొరకును? దినపత్రికల వెబ్ పుటలు కొన్నాళ్లకు మాయమగుచున్నవి. ఆధారముగా చూపిన లంకెను నొక్కినచో ఏమియు రాదు. పాత పుస్తకములు, పాత పత్రికలే గట్టి ఆధారములు. అవి గ్రంథాలయములలో నున్నవి.

ఇట్టి పుస్తకములను స్కాను చేసి అంతర్జాలములో నుంచుటకు ఈ శతాబ్దారంభమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పెద్ద పథకము నడచినది. ఆచార్య రాజ్‌రెడ్డి ప్రేరణ దానికి వెనుక నున్నది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. అందులో ముఖ్య పాత్ర వహించినది. వేలకొలది తెలుగు పుస్తకములు దానివలన వెలుగు చూచినవి. ఎన్నడును చూడగలమనుకొనని గ్రంథములను ఇంట కూర్చుండి చదువగలిగితిమి. ఆ మేలును మరువరాదు.

అయినను గ్రంథాలయ శాస్త్రదృష్టితో చూచినచో దానిలో పెద్ద లోపము కనబడును. తెలుగు పుస్తకముల పేర్లను రోమను లిపిలో, ఒక నియమము లేక, ఎవరికి తోచినట్లు వారు నమోదు చేసినారు. ఒకే గ్రంథకర్త పేరు పలువిధములుగా వ్రాయబడినది. “చరిత్రము” అను మాటకే ఎన్ని వర్ణక్రమములో! పుస్తకము ఉన్నది, కాని వెదకువానికి దొరకదు. అలమరలో తప్పుచోట పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానమని గ్రంథాలయాధికారులకు అనుభవమే. ఇక్కడ అలమర స్థానమున పేరు తప్పినది, ఫలితము ఒక్కటే. తెలుగు వికీపీడియా కార్యకర్తలు కొందరు ఆ పుస్తకములను ఒక్కొక్కటిగా తెరచి, తెలుగు లిపిలో సరియైన పేర్లతో పట్టికలు తయారుచేయుటకు పూనుకొనినారు. స్కాను చేయునాడే చేయవలసిన పని పెక్కేండ్ల తరువాత స్వచ్ఛంద సేవకుల మెడకు పడినది.

తరువాత ఆ వెబ్‌సైటు కూడ మూతబడినది. అప్పటికే ఆ పుస్తకములలో చాలభాగమును ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థలో ప్రతులు తీసి ఉంచియుండుటచేత అవి నిలిచినవి. ఒకే తాళపత్రప్రతి ఉన్న గ్రంథము చెదలపాలైనచో ఏమగునో మన పెద్దలకు తెలియును. అంతర్జాలమునకును అదే సూత్రము. ఒకచోటనే ఉన్నది ఉన్నట్లు కాదు.

మూడు రంగుల పరీక్ష

ఇంతవరకు చెప్పిన లోపములన్నిటికి మూలము పరిశీలన లేకుండుట. పరిశీలననే తన నిర్మాణములో ఇముడ్చుకొనిన సాధనమొకటి కలదు. అది వికీసోర్స్. నా అభిప్రాయములో మన పాఠశాలలకు మిక్కిలి ఉపయోగింపదగినది ఇదియే.

వికీసోర్స్ అనగా హక్కుల గడువు ముగిసిన గ్రంథములను యథాతథముగా అక్షరరూపమున నుంచు భాండారము. మన దేశపు చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన సంవత్సరము తరువాత 60 సంవత్సరములవరకు సామాన్యముగా హక్కులుండును. అది గడచిన పుస్తకమును స్కాను చేసి చేర్చినప్పుడు, తెరపై ఒక ప్రక్క అచ్చుపుట బొమ్మ, మరియొక ప్రక్క యంత్రము చదివిన అక్షరములు కనబడును. యంత్రము తెలుగు అచ్చును చదువునపుడు పొరబడుట సహజము. “మ” కు “వు” కు, “ద” కు “ధ” కు, “వ” కు “ప” కు గల భేదము పాత సీసపు అచ్చులో మిక్కిలి స్వల్పము. కనుక మనుష్యుడు బొమ్మను చూచి అక్షరములను దిద్దవలెను.

ఎవరును దిద్దని పుటకు ఎరుపు గుర్తు. ఒకరు పూర్తిగా దిద్దిన పుటకు పసుపు గుర్తు. మొదటివాడు గాక వేరొకరు మరల సరిచూచి ఒప్పుకొనినచో ఆకుపచ్చ గుర్తు. దిద్దినవాడే తన పుటకు ఆకుపచ్చ గుర్తు పెట్టుకొనుటకు వీలులేదు. పుస్తకపు సూచిక పుటను తెరచినచో ఏ పుట ఏ దశలో నున్నదో రంగులలో ఒక్క చూపున తెలియును. ముద్రణాలయములలో ఒకరు మూలము చదువుచుండ మరియొకరు ప్రూఫులు దిద్దెడి పద్ధతిని ఇంత చక్కగా అంతర్జాలమునకు తెచ్చిన సాధనము మరియొకటి నాకు కనబడలేదు. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు వికీ పనిలో శిక్షణ పొంది పాల్గొనుట ఈ ప్రాంతమునకు గర్వకారణము.

దీనిలోని గుణము వట్టి శుద్ధప్రతి మాత్రమే కాదు. ఇది పాఠకునితో నిజము చెప్పుచున్నది. ఈ పుటను ఇంకను సరిచూడలేదు, జాగ్రత్త అని ముందే హెచ్చరించుచున్నది. వికీపీడియా వ్యాసములకు ఇట్టి రంగులు లేవు. ఆధారములు లేవని తెలుపు మూసలున్నను అవి ఎవరో వచ్చి అతికించిననే ఉండును. బాటు వ్రాసిన వ్యాసమును, పండితుడు పదిమారులు దిద్దిన వ్యాసమును పైకి ఒకే దుస్తులలో కనబడును. విద్యార్థి భేదము నెట్లు గుర్తించును? పుట చరిత్రను తెరచి చూచుట నేర్పినగాని గుర్తింపలేడు. ఇది నా దృష్టిలో తెలుగు వికీపీడియాపై చేయదగిన ముఖ్యమైన విమర్శ.

ఒకరి శ్రమ, ఒకరి తప్పు

గ్రంథాలయములలో వాడు ఇతర సహకార సాధనములను చూచినను ఇదే న్యాయము కనబడును. న్యూజీలాండులో 1999లో రూపొందిన “కోహా” అను ఉచిత సాఫ్ట్‌వేరును మన దేశములో పెక్కు కళాశాలల గ్రంథాలయములు వాడుచున్నవి. మన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము “ఇ-గ్రంథాలయ”ను తయారుచేసినది. ఇట్టివానిలో ఒక గ్రంథాలయము ఒక పుస్తకమునకు వ్రాసిన పట్టికవివరమును మరియొక గ్రంథాలయము గ్రహించి తన పట్టికలో చేర్చుకొనవచ్చును. వందమంది చేయవలసిన పని ఒకరితో తీరును. కాని మొదటివాడు గ్రంథకర్త పేరు తప్పు వ్రాసినచో, ఆ తప్పు కూడ నూరు పట్టికలకు ప్రాకును. సహకారము శ్రమను ఎంత పంచునో తప్పును అంత పంచును.

యంత్రానువాదము సంగతియు ఇంతే. 2009, 2011 సంవత్సరముల మధ్య గూగుల్ సంస్థ యంత్రసహాయముతో ఆంగ్ల వ్యాసములను తెలుగు మొదలైన భాషలలోనికి అనువదింపజేసి వికీపీడియాలో చేర్పించినది. వ్యాసములు పెద్దవి, భాష మాత్రము తెలుగు లిపిలోని ఆంగ్లము. చదువువానికి అర్థము కాని వ్యాసము ఎంత పెద్దదైన నేమి? 2015 నుండి వచ్చిన వికీ అనువాద పరికరము ఈ అనుభవమునుండి కొంత నేర్చినది. యంత్రము ఇచ్చిన వాక్యములను దిద్దక యథాతథముగా ప్రచురింపబోయినచో అది హెచ్చరించును. ఈ జాగ్రత్త నేడు మరింత అవసరము. 2022 చివరనుండి ప్రచారములోనికి వచ్చిన సంభాషణ యంత్రములు అంతర్జాలములోని వ్రాతలనుండియే భాషను, సంగతులను నేర్చుకొనుచున్నవి. ఆంగ్లమున వ్రాతలు సముద్రము, తెలుగున చెరువు. చెరువులో పడిన విషపుచుక్క త్వరగా పాకును.

పరిభాష విషయములో మాత్రము వికీ ఒక పాత తగవును చక్కగా తీర్చినది. ఆక్సిజన్ అనవలెనా, ఆమ్లజని అనవలెనా, ప్రాణవాయువు అనవలెనా అని మనవారు చిరకాలము వాదించిరి. వికీలో “దారిమార్పు” అను ఏర్పాటు కలదు. మూడు పేర్లలో దేనిని టైపు చేసినను పాఠకుని ఒకే వ్యాసమునకు చేర్చుటకు అది చాలును. వాదము వాదముగనే ఉండవచ్చును. విద్యార్థి చదువు ఆగనక్కరలేదు.

ఉన్నత పాఠశాలలు చేయదగినది

కనుక మనకు కొరవడినది సాధనము కాదు, వ్రాయువారును కాదు. కొరవడినవారు సరిచూచువారు. ఆ పనికి ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు, విద్యార్థులు, గ్రంథాలయాధికారులు అందరికంటె తగినవారు. ఏలయన ఊరిని ఎరిగినవారు వారు. పుస్తకము చేతనున్నవారు వారు. వారు చేయదగిన పనులు కొన్ని సూచించుచున్నాను.

మొదటిది, విద్యార్థులచేత తమ ఊరి వ్యాసమును చదివించి, అందులో మూడు సంగతులను మాత్రము సరిచూపించవలెను. జిల్లా, మండలము సరిగా నున్నవా? జనసంఖ్యకు సంవత్సరమున్నదా? చెప్పిన విషయమునకు ఆధారమున్నదా? తప్పున్నచో దిద్దవచ్చును, సందేహమున్నచో చర్చా పుటలో వ్రాయవచ్చును. “మా తాతగారు చెప్పినారు” అనునది వికీకి ఆధారము కాదు. కాని ఆ మాటను పట్టుకొని గ్రంథాలయములో వెదకుటకు అది మంచి ఆరంభము. కృష్ణా పత్రిక 1902లో బందరున మొదలైనది. అట్టి పాత పత్రికలను ఉమ్మడి రాష్ట్రపు ప్రెస్ అకాడమీ స్కాను చేయించినది. ఊరి సంగతులు వానిలో ఎన్నో దాగియున్నవి. ఆధారము వ్రాయునపుడు పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య తప్పక వ్రాయవలెను. లంకె చెడినను పుట సంఖ్య చెడదు.

రెండవది, వారమునకు ఒక్క వికీసోర్స్ పుట. ఇద్దరు విద్యార్థులు కలిసి కూర్చుండి, ఒకరు అచ్చుపుటను బిగ్గరగా చదువుచుండ మరియొకరు తెరపై దిద్దవలెను. మరునాడు వేరొకరు సరిచూడవలెను. దీనివలన పుస్తకమునకు శుద్ధి, విద్యార్థికి వర్ణక్రమము, పాత తెలుగు వాక్యము అలవాటు, మూడును సిద్ధించును.

మూడవది, గ్రంథాలయాధికారులు తమ వద్దనున్న పాత తెలుగు పుస్తకముల, పత్రికల జాబితాను తెలుగు లిపిలో, గ్రంథకర్త, సంవత్సరము, ముద్రణస్థలములతో తయారుచేసి నలుగురికి అందుబాటులో నుంచవలెను. పలువురు కలిసి నింపు ఆన్‌లైన్ పట్టికలు ఇప్పుడు ఉచితముగా దొరకుచున్నవి. ఒకరు నింపిన వరుసను మరియొకరు పుస్తకము చేతబట్టి సరిచూచి, సరిచూచినట్లు ఒక గడిలో గుర్తు పెట్టవలెను. ఆ ఒక్క గడి లేకుండుటచేతనే గొప్ప పథకములు చెడినవి.

ఈ పనులలో రెండు జాగ్రత్తలు ముఖ్యము. పాఠ్యపుస్తకములనుండి, గైడులనుండి, దినపత్రికలనుండి వాక్యములను యథాతథముగా ఎత్తి వ్రాయరాదు. సంగతిని గ్రహించి సొంత వాక్యములో చెప్పవలెను. బాలబాలికలు తమ పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు ఎక్కడను వ్రాయరాదు. కలము పేరు చాలును.

మార్కులు రాని పనికి విద్యార్థులు ఉత్సాహపడుదురా అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు సందేహింతురు. తాను దిద్దిన అక్షరము ఆ సాయంకాలముననే ప్రపంచములో ఎచటనైనను చదువబడునని తెలిసినప్పుడు పిల్లలు ఎంత శ్రద్ధ చూపుదురో నా తరగతిలో చూచుచునే యున్నాను. ప్రయోగశాలలో ఒక కొలతను మూడుమారులు తీసికొని సరాసరి కట్టుమని మనము చెప్పుదుము. చదివిన వాక్యమును కూడ అట్లే రెండవమారు సరిచూచు అలవాటు కలిగినచో, విజ్ఞానశాస్త్ర బోధనకు అంతకుమించిన ఫలితము వేరొకటి లేదు.

తెలుగు వికీపీడియాలో లక్ష వ్యాసములున్నవని చెప్పుకొనుట సంతోషమే. వానిలో ఎన్నింటిని ఇద్దరు చదివి సరియని ఒప్పుకొనినారో చెప్పగలిగిననాడు అది విజ్ఞాన సర్వస్వమని నిస్సంకోచముగా అనవచ్చును. ఆ రెండవ సంఖ్యను పెంచుట మన చేతులలో నున్నది. ఈ మాసములో మీ ఊరి వ్యాసముతో ఆ పని మొదలుపెట్టుడు.